వెల్ష్‌లో అడగబోయిన మాట

తిరియన్ బ్యాగుకి జిప్పు పడడం లేదు. మాబ్లి దాని మీదెక్కి కూర్చుంది.

"లేవే, లోపల అమ్మమ్మ చేసిన రొట్టెలున్నాయి!"

"నా బరువుకి అవి నలుగుతాయా? ఇనుము కదే!"

"నాకు వినబడుతోంది, మాబ్లీ," అని వంటింట్లోంచి వేల్స్ వాళ్ళ సొంత భాష వెల్ష్‌లో కేకేసింది తిరియన్ అమ్మమ్మ.

"అయ్యో, వాటికోసమేగా అమ్మమ్మా నేను రోజూ వచ్చేది," అని మాబ్లి వెల్ష్‌లోనే సర్దుకుంది. వెంటనే తిరియన్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "నా పరువు పోయింది కదే," అంది.

ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఇంగ్లీషే. మూడేళ్ళప్పుడు బడి ఇసుకగుంటలో బకెట్టు కోసం కొట్టుకున్న రోజున మాబ్లికి వెల్ష్ ముక్క రాదు. ఆ తరవాత పదిహేనేళ్ళు లెక్కలూ చరిత్రా అన్నీ వెల్ష్‌లోనే చదివారు. అయినా వాళ్ళ ఊరు అమ్మన్‌ఫర్డ్‌లో ఎవరితో ఏ భాషలో స్నేహం మొదలైతే చివరిదాకా అదే. బడి వరండాలో టీచరు కనబడితే వెల్ష్, మలుపు తిరిగితే ఇంగ్లీషు.

కాలేజీకని ఇంగ్లండు వెళ్తున్న తిరియన్‌తో, చదువయ్యాక ఆ లీడ్స్‌లోనే ఉండిపోకు, మనూరికి వచ్చెయ్యి అని చెప్పాలని మాబ్లి వారంగా చూస్తోంది. ఇంగ్లీషులో నాలుగుసార్లు మొదలుపెట్టింది. నాలుగుసార్లూ అది వేళాకోళమైపోయింది. తనను పెంచిన అమ్మమ్మతో వెల్ష్‌లో మాట్లాడేటప్పుడు తిరియన్ గొంతు ఎంత మెత్తబడుతుందో మాబ్లి చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. ఆ గొంతుతో తనకు ఒక్కసారి జవాబు రావాలి.

బస్టాపులో సన్నగా వాన. లీడ్స్ రైలు కోసం తిరియన్ ఎక్కాల్సిన స్వాన్సీ బస్సు వంతెన దాటింది.

"తిరియన్," అంది మాబ్లి వెల్ష్‌లో. "చదువయ్యాక నువ్వు..."

తిరియన్ ఉలిక్కిపడి గిరుక్కున వెనక్కి తిరిగింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

"హమ్మయ్య! టీచరమ్మ వస్తోందనుకున్నా," అని పగలబడి నవ్వింది. "ఏంటే, బడి అయిపోయాక కూడా మార్కులేస్తున్నారా నీకు?"

మాబ్లి కూడా నవ్వింది. చెవులు మాత్రం వేడెక్కిపోయాయి.

"ఏదో అడగబోయావు?"

"ఏం లేదు," అంది మాబ్లి ఇంగ్లీషులో. "అక్కడెవరికీ వండిపెట్టకు. జైల్లో వేస్తారు."

"పోవే!" తిరియన్ ఆమె భుజం మీద ఒక్కటి చరిచి బస్సెక్కింది.

క్రిస్మస్ లోపే అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేసి కార్డిఫ్‌లో తన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. తిరియన్ వెళ్ళింది 2006 సెప్టెంబరు 16, శనివారం, పదిన్నర బస్సుకి. మళ్ళీ ఆ ఊరికి రాలేదు.