ఒహాయో మీద ఒడ్డిన మీసం

ఆరింటికల్లా త్రిమూర్తులు ప్యాంట్రీలో నీళ్లు మరగబెట్టేశాడు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఆ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా టీ కాచేది అతనే. ముదీరుకి, అంటే మేనేజరుకి, చక్కెర లేకుండా, స్టోరువాళ్లకి పాలు చిక్కగా. ఈ రోజుతో ఆ పని సరి. సాయంత్రం విజయవాడ విమానం.

పొయ్యి పక్క గోడ మీద పెద్ద చార్టు. ఒహాయో అనే అమెరికా రాష్ట్రంలో ఏ యేడు అధ్యక్షుడిగా ఎవరికి ఓటు పడింది, గవర్నరుగా ఎవరు గెలిచారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాష్ట్రపు ఇంజినీరొకడు 2004 ఎన్నికలయ్యాక వెళ్లిపోతూ ఇచ్చాడు. ఒహాయో గెలిపించినవాడే దేశంలోనూ గెలిస్తే ఆ ఏడాది పక్కన చుక్క. 1964 నుంచి చుక్క లేని ఎన్నిక లేదు. తర్వాతి మూడు చుక్కలూ త్రిమూర్తులే పెన్సిల్‌తో పెట్టాడు. ఈ పంతొమ్మిదేళ్లలో కోనసీమలో తన ఓటు ఒక్కసారీ వెయ్యలేకపోయిన మనిషికి, ఎక్కడో ఉన్న ఒహాయో సొంత నియోజకవర్గమైపోయింది.

పోయిన వారం క్యాంటీన్ నిండా జనం వింటుండగా అన్నాడు: "ఒహాయో ఎటో దేశం అటే. కాకపోతే మీసం తీసేస్తాను!"

బుధవారం ఒహాయో ఒకడిని గెలిపించిందని తేలింది. నిన్న, శనివారం, దేశంలో గెలిచింది రెండోవాడని టీవీ చెప్పింది.

వెల్డర్ హన్మంతు కప్పు అందుకుంటూ నవ్వాడు. "అన్నా, ఇడిసిపెట్టు. గాళ్ల ఓట్లకు నీ మీసమెందుకే? అందరం మాస్కులే ఏసుకుంటున్నం. ఎవడు సూస్తడు? ఖలాస్."

"ఎవడూ చూడకపోతే అన్న మాట అననట్టవుద్దేంట్రా?"

అనేశాడు గానీ కళ్లముందు తల్లి మెదిలింది. అతని ఊళ్లో తల్లో తండ్రో పోతేనే మీసం తీస్తారు. తల్లి వీరమ్మకి ఎనభై రెండేళ్లు. రెండేళ్ల తర్వాత వస్తున్న కొడుకు, ఆవిడ బతికుండగానే కర్మ చేసినవాడిలా గుమ్మం ఎక్కితే ఆ ప్రాణం ఏమైపోతుంది?

మధ్యాహ్నం గేటు ఎదురు సెలూన్‌లో కూర్చున్నాడు. మంగలి షావలి కత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మ బాగుండాది కదన్నా?"

"బాగుంది. కానివ్వు."

నెరిసిన గుబురు మీసం, మెలి తిప్పిన కొసలతో సహా ఒళ్లో పడింది. అద్దంలో పై పెదవి తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. బయటికి రాగానే, ధైర్యం చల్లారకముందే తల్లికి వీడియో కాల్ చేశాడు. మాస్కు దించాడు.

వీరమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. "ఒరే, ఎవరు పోయార్రా? నేనున్నాను కదా!"

"ఎవరూ పోలేదమ్మా. ఓట్ల పందెం. ఓడిపోయాను."

వీరమ్మ కొడుకు మొహాన్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఆవిడ బోసినోరంతా తెరిచి నవ్వింది. "నీకు ఊహ తెలియకముందు మీ నాన్న మూడుసార్లు గొరిగించుకున్నాడు. పంచాయతీకోసారి, సమితికోసారి... మాట మాత్రం తప్పలేదు. వచ్చెయ్యరా. పెరుగుద్దిలే."

త్రిమూర్తులు కళ్లు తుడుచుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో అంత తేలిగ్గా ఎప్పుడూ నడవలేదు.

నాలుగింటికి క్యాంటీన్‌లో మాస్కు దించి, అందరి ఎదుటా మొదటిసారి వాళ్లతో కూర్చుని టీ తాగాడు. నవ్వినవాళ్లు నవ్వారు. హన్మంతు మాత్రం లేచి నిలబడి దండం పెట్టాడు. తర్వాత త్రిమూర్తులు ప్యాంట్రీకి వెళ్లి పెన్సిల్ చెక్కుకుని, చార్టు అడుగున 2020 అని రాశాడు. పక్కన చుక్క పెట్టలేదు. పెట్టె పట్టుకుని కంపెనీ వ్యానెక్కాడు.

మర్నాడు ఎవరి టీ వాళ్లే కాచుకోవాల్సి వచ్చింది. చక్కెర డబ్బా కోసం వెతుకుతున్న హన్మంతుకి చార్టు వేలాడే మేకు కనిపించింది. దానికి తగిలించి ఉంది, రెండు నెరిసిన వెంట్రుకలు చిక్కుకున్న చిన్న మీసాల దువ్వెన.