మిక్సీ పక్కన మీటరు

ప్రొద్దుటూరులోని ఆ ఇంట్లో వంటింటి ప్లగ్గు కాలిపోయి మూడు నెలలైంది. కరెంటు కొలిచే చిన్న మీటర్లు తయారుచేసే విష్ణువర్ధన్‌కు దాన్ని మార్చే తీరిక మాత్రం దొరకలేదు. అందుకని అతని భార్య అపర్ణ అతని పనిబల్ల చివరనే మిక్సీ పెట్టి చట్నీ వేసేది. మిక్సీ తిరిగినప్పుడల్లా, ఇస్త్రీపెట్టె వైరులో ఒక తీగకు తగిలించిన అగ్గిపెట్టెంత మీటరులో అంకెలు గంతులేసేవి.

"నీ చట్నీ నా మీటరును చెడగొడతాంది," అనేవాడు విష్ణువర్ధన్. "మొగోళ్ల పని కాడ నీకేం పని?" అనేది అత్త ఆండాళ్, చట్నీ వడ్డించుకుంటూనే.

తప్పు చట్నీది కాదని డిప్లొమా చదివిన అపర్ణకు తెలుసు. వైరు చుట్టూ పుట్టే అయస్కాంత బలాన్ని చూసి మీటరులోని సెన్సరు కరెంటును లెక్కగడుతుంది. పక్కన మోటారు తిరిగితే దాని బలాన్నీ కలిపేసుకుంటుంది. పాపం, ఈ ఇంట్లో తన తలకాయా అంతే. అత్త మాటేదో, మొగుడి మాటేదో, తన మాటేదో తెలియని రొద. వైరుకు అటొకటి ఇటొకటి సెన్సరు పెడితే? బయటి రొద రెండింటికీ ఒకేలా తగులుతుంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే పోతుంది. వైరు బలం ఇరుపక్కలా ఎదురెదురు దిక్కుల్లో ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. అన్నం వార్చి వచ్చి రెండో సెన్సరు అతికించింది. మిక్సీ తిరిగినా అంకె కదల్లేదు.

"నేనూ అదే అనుకుంటాండా," అన్నాడు విష్ణువర్ధన్.

జమ్మలమడుగులో ఎలక్ట్రికల్ షాపున్న నయీం మీటరు చూడ్డానికి వచ్చినప్పుడు కూడా విష్ణువర్ధన్ "నా డిజైనే" అన్నాడు. అపర్ణ కొబ్బరి ముక్కలు కోసి మిక్సీలో వేస్తోంది.

"రెండు సెన్సర్లెందుకు సామీ?" అన్నాడు నయీం.

"ఒకటి చెడిపోతే ఇంకొకటుంటాదని."

"అట్లయితే ఒకటి పీకేయండి. ధర తగ్గుతాది."

"దానికేం భాగ్యం!" అంటూ విష్ణువర్ధన్ పట్టకారు తీశాడు.

అపర్ణ కత్తి కింద పెట్టేసింది. పేరు పోతే పోయింది, ఇప్పుడు చేసిన పనే పోయేట్టుంది.

"ముట్టుకోవద్దండి!"

"టీ పెట్టకుండా నీకెందుకే?" అంది ఆండాళ్.

అపర్ణ ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసి, కుర్చీ లాక్కుని నయీం ఎదురుగా కూర్చుంది. "ఏమండీ, మీరు మిక్సీ వేయండి. నేను చెప్పేదాకా ఆపొద్దు."

బయటి మనిషి ముందు గొడవెందుకని విష్ణువర్ధన్ మూత నొక్కిపట్టి మిక్సీ వేశాడు. మీటరు నాలుగు ఆంపియర్ల దగ్గర నిలబడింది. ఆమె ఒక సెన్సరు ఊడదీసింది. అంకెలు తైతక్కలాడాయి. మళ్లీ పెట్టింది. నాలుగు.

"యబ్బ! ఫ్యాక్టరీల్లో చుట్టూ మోటార్లేనమ్మా, ఇదే కావాల," నయీం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అనుమానమొస్తే ఎవురికి ఫోన్ చేయాల? మీటరు డబ్బా మీద ఆ నంబరే ఏపిస్తా."

విష్ణువర్ధన్ నోరు తెరిచాడు గానీ, మోతలో ఒక్క ముక్కా వినిపించలేదు. అపర్ణ తన నంబరు చెప్పింది, ఒక్కో అంకే, నిదానంగా.

"ఆపేదా?" విష్ణువర్ధన్ గొంతు చించుకున్నాడు. "చట్నీ ఎప్పుడో మెదిగింది!"

"ఆపొద్దండీ," అంది అపర్ణ, అటు తిరక్కుండానే. "నేనింకా చెప్తాండా."