పీడీఎఫ్ చెయ్యని ఉత్తరం

మా షాపు గోడ మీద ఒకే ఒక్క బోర్డు ఉంటుంది: "ఫైలు పంపేముందు పీడీఎఫ్ చేయించుకోండి." ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే టైపింగ్ చేస్తున్నాను. ఆ బోర్డు చదివిన మహానుభావుడు ఇంతవరకు తగల్లేదు. చదివితే మాత్రం నా నోటి దురద తీరేదెలా?

ఆ రోజు పొద్దున్నే లెక్కల మాస్టారు వచ్చి కౌంటరు మీద ఒక కాగితం పడేశారు. పోయిన స్నేహితుడి గురించి ఆయన రాసుకొచ్చిన వ్యాసాన్ని నేనే టైపు చేసిచ్చాను. సంస్మరణ పుస్తకం వేస్తున్నవాళ్ళకి ఆయన దాన్ని వర్డ్ ఫైలుగానే పంపేశారట. అక్కడ తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. వాళ్ళు తీసి పంపిన ఈ కాగితం నిండా డాలరు గుర్తులు, కామాలు, తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు. ఇదేనా నీ టైపింగు అని గయ్యిమన్నారు.

నేనూ తగ్గలేదు. మేం వాడేది పాతకాలం తెలుగు ఫాంటు. అది లేని కంప్యూటర్లో వర్డ్ ఫైలు తెరిస్తే అలాగే తగలడుతుంది. అదే పీడీఎఫ్ అయితే మూతి కుట్టిన బస్తా, ఎక్కడికి మోసుకెళ్ళినా లోపలి గింజ అదే. పోయినసారి ఇదంతా చిలక్కి చెప్పినట్టు చెప్పానని, ఆయనే చెవిన పెట్టలేదని దులిపేశాను.

"ఇలా పంపితే అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది మాస్టారూ, మీరేం రాశారో?" అన్నాను. అన్నాక, అక్కకి నేను పంపిన ఉత్తరం చటుక్కున గుర్తొచ్చింది.

నాకున్నది అక్క ఒక్కతే. పెళ్ళి నాకు అచ్చిరాలేదు. షాపు వెనక గదే ఇల్లు. మూడేళ్ళ కిందట అక్కకి కడుపు ఆపరేషన్ అన్నారు. వారం రోజులు వచ్చి ఉండవే అంది. అవి థీసిస్‌లు టైపు చేసే రోజులు, కదల్లేనన్నాను. ఆపరేషన్ అయ్యాక ఫోన్లో మాటా మాటా పెరిగింది. వారం తిరక్కుండా నేనే దిగొచ్చి, ఒక మధ్యాహ్నం అన్నం మానేసి, ఏడుస్తూ క్షమాపణ ఉత్తరం టైపు చేసి మెయిల్లో పంపాను. జవాబు రాలేదు. ఆవిడకంత పంతముంటే నాకు లేదా అని నేనూ ఊరుకున్నాను. అప్పట్నుంచి ఆదివారం వచ్చిందంటే షాపూ ఉండదు, అక్క ఫోనూ ఉండదు, నోరు విప్పే పనే ఉండేది కాదు. సాయంత్రం పాలవాడితో మాట్లాడబోతే గొంతు పెగిలేది కాదు.

మాస్టారి ఎదుటే పాత మెయిల్ తీసి చూశాను. అనుకున్నంతా అయింది. వర్డ్ ఫైలే! ఊరందరికీ నీతులు చెప్పేదాన్ని, నా ఉత్తరం నేనే మూతి కుట్టకుండా పంపాను.

సిగ్గుపడాల్సింది పోయి నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క నన్ను వదిలెయ్యలేదు, పాపం చదవలేకపోయింది, అంతే కదా! మాస్టారి వ్యాసం పీడీఎఫ్ చేసి నేనే పంపించేశాను. ఇందాక అరిచిన మనిషి ఈవిడేనా అన్నట్టు చూస్తూ ఆయన వెళ్ళిపోయారు.

ఇక నా ఉత్తరాన్ని పీడీఎఫ్ చేసి పంపడమే మిగిలింది. పీడీఎఫ్ చేసేముందు ఒక్కసారి చదువుకోండి, తరవాత దిద్దడానికుండదు అని అందరికీ చెబుతుంటాను. ఈసారైనా నా మాట నేను విందామని చదివాను.

నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా షాపు గోలే. ఎంతమంది విద్యార్థులు నా ప్రాణం తోడేస్తున్నారో, నేనెన్ని గంటలు నిద్రపోతున్నానో. రెండో పేజీలో, ఆయాని పెట్టుకోమని చెప్పాను కదా, నేనే ఎందుకు రావాలి అని. మూడో పేజీలో, చిన్నప్పుడు నా కొత్త గౌను నువ్వేసుకున్నావని. గౌను! అది రాసేనాటికి నాకు నలభై ఏడు. క్షమాపణ ఎక్కడో ఉండాలే అని, పదాలు వెతికే పెట్టెలో 'తప్పు' అని కొట్టాను. తొమ్మిది చోట్ల దొరికింది. తొమ్మిదీ అక్క తప్పులే.

నేను క్షమాపణ చెప్పాననీ, ఆవిడే కరగలేదనీ నమ్మి మూడేళ్ళు బతికాను. ఛీ, నా బతుకు. ఇది అక్క కంటపడకపోవడమే మేలైంది అనుకున్నాను. మొత్తం చెరిపేశాను. ఖాళీ పేజీ ముందు మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఒక్క ముక్క వచ్చింది: "అక్కా, తప్పు నాదే. ఆ రోజు నేను రావలసింది." ఇంకేదన్నా చేర్చబోతే మళ్ళీ షాపు గోలే వస్తోంది. అంతటితో ఆపి, పీడీఎఫ్ చేసి, నా ఫోన్లో తెరుచుకుంటోందో లేదో రెండుసార్లు చూసుకుని పంపాను.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది.

"అందిందే పొట్టీ," అంది అక్క. నన్నలా పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

గబగబా చెప్పుకుపోయాను. అప్పుడు పంపింది తెరుచుకుని ఉండదని, ఫాంటు లేక అంతా పిచ్చిగీతల్లా కనపడి ఉంటుందని, నీకు అర్థమై ఉండదని. అక్క అడ్డు రాలేదు. నేను ఆగాక నెమ్మదిగా చెప్పింది.

"అది చదివానే. మీ బావ ఎవర్నో పట్టుకుని ఆ ఫాంటేదో వేయించాడు. కుట్లు విప్పిన రోజు. నాలుగు పేజీలూ చదివాను."

ఈ మూడేళ్ళూ ఆవిడ అన్నీ తెలిసే ఊరుకుంది.

"ఆయాని పెట్టుకోమన్నావు, పెట్టుకున్నాను. మంచి మనిషే," అంది. "నిన్ను రమ్మన్నది చాకిరీకి కాదే. మత్తుమందిస్తామంటే భయమేసింది. మళ్ళీ కళ్ళు తెరుస్తానో లేదో అని."

ఎవరో కాగితాలు పట్టుకుని కౌంటరు ముందుకొచ్చారు. చెయ్యి ఊపి తరవాత రమ్మన్నాను. అలవాటు చొప్పున సంజాయిషీ చెప్పబోయి మానేశాను. నాలుగు పేజీల్లో ఒక్కచోట కూడా నేను అడగని మాట ఒకటుంది. అదే అడిగాను.

"ఇప్పుడెలా ఉన్నావక్కా?"

అవతల కుర్చీ లాక్కున్నట్టు వినిపించింది. అక్క చెప్పడం మొదలుపెట్టింది.