ఎండ వెంట రాదు

ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసు మీద పడ్డ ఎండ విరిగి మా బాల్కనీలో పడుతుంది. నాలుగు గంటలకు. రోజూ.

ఆ ఎండలో ఒక ప్లాస్టిక్ స్టూలు.

నా భార్య రుక్కమ్మది.

కేన్సరని రొమ్ము తీసేశాక ఇరవై ఐదు రోజులు రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు. ఎద మీద ఊదారంగు గీతలు గీశారు. కడగొద్దన్నారు. ఆమె ఒంటి మీద ఎవరో చేను హద్దులు వేసినట్టు...

మొదటి రోజే చూశాను. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి అందరూ బయటికి వచ్చేశారు. మందపాటి తలుపు మూశారు. ఎర్రదీపం వెలిగింది.

మంచిదైతే వాళ్లెందుకు బయటికి ఉరుకుతారు?

పల్లెబడి చదువు నాది. అక్కడితో తేల్చేశాను.

ఇంట్లో పన్నెండు రోజుల మనవరాలు. పురుటి మైల నిన్ననే తీరింది. కొత్త మైల నేను పెట్టాను. రుక్కమ్మ కంచం, చెంబు బాల్కనీలోకి మార్చాను.

"బిడ్డను ముట్టుకోవద్దు. నీ ఒంట్లో కరెంటు ఉండాది."

కోడలు నవ్య విన్నది. బాల్కనీ అద్దం తలుపు జరిపి మూసింది.

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో వేశారు. లోపల పాట. అద్దం అవతల రుక్కమ్మ పెదవులు కదిలాయి.

"ఒక్క పాదం ముట్టుకుంటానయ్యా. ఒక్కటే."

"బిడ్డకేమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో ఆమె చీర మార్చుకుంటుంటే, మిషన్ నడిపే రమ్యను అడిగాను — ఈమె పసిబిడ్డను ఎత్తుకోవచ్చునా?

రమ్య నవ్వింది.

"ఎండల నిలబడి నీడకొస్తే ఎండ నీ ఎంబడి వస్తదా పెద్దాయనా? మిషన్ బంద్ అయితే అంతే. మేం దినాం యాభై మందికి పెడ్తం, గందుకే బయటికొస్తం. ఫికర్ చెయ్యకు. ఎత్తుకోమను."

ఆటో హఫీజ్‌పేట్ స్టేషన్ దాటింది.

"ఆ పిల్ల ఏమన్నాది?" అని రుక్కమ్మ అడిగింది.

"ఏం లేదు."

కోడలి ముందు నా మాట పోతుందని దాచాను. ఇంకో కారణం వెతికాను. దొరకలేదు.

సగానికి పైగా కరెంటు రోజులు ఇంకా మిగిలాయి. తర్వాత మూడు నెలలు. చెప్పనక్కర లేకుండా ఆమే దూరం జరిగేది. బిడ్డ ఏడిస్తే చేతులు కొంగులో దాచుకునేది.

కరెంటు చంపలేదు. రోగం ముందే లివర్‌కు పాకింది.

రుక్కమ్మ బిడ్డను తాకకుండానే పోయింది.

ఇప్పుడు బిడ్డకు ఏడాది. నాలుగు గంటలకు బాల్కనీలోకి పాకుతుంది. స్టూలు పట్టుకుని లేస్తుంది. దాని మీది ఎండను గుప్పిట పడుతుంది.

"ఎండలో వద్దు మామా, లోపలికి తీసుకురండి," అంటుంది నవ్య.

ఎత్తుకుని వస్తాను.

నీడలో బిడ్డ గుప్పిట విప్పుతుంది.

చూసుకుంటుంది.

తర్వాత నావైపు చూస్తుంది...