నాయన వచ్చినప్పుడల్లా

అయినా ఆయన వచ్చినప్పుడే ఎందుకు ఆగాలి, పొద్దున ఏడు నుంచి బుద్ధిగా పనిచేసిన ల్యాప్‌టాప్, నాయన వచ్చి గడప పక్కన కూర్చున్న పావుగంటకే టప్పున నల్లబడిపోవడమేమిటి, ఒకసారైతే పోనీ అనుకోవచ్చు, రెండుసార్లయితే ఖర్మ అనుకోవచ్చు, పదిసార్లంటే మాత్రం ఎవరో ఏదో చేస్తున్నట్టే, అనుకుంటూ రామాంజులు మంచం మీద చెక్క వేసి దాని మీద యంత్రాన్ని సర్దుకుని నోటు పుస్తకం తెరిచాడు, మంగళవారం నాయన వచ్చినాడు ఆగిపోయింది, బుధవారం నాయన వచ్చినాడు ఆగిపోయింది, శుక్రవారం రెండుసార్లు, ఆ శుక్రవారం నాయన మంచినీళ్ళకని రెండోసారి కూడా వచ్చాడు మరి, ఇంకేం సాక్ష్యం కావాలి, సాయంత్రం నాలుక్కు చీరల దాసప్ప వస్తాడు, కొత్త అంచు చూసి బాగుందంటే పన్నెండు మగ్గాలకు ఇదే డిజైను, ఇప్పటికే రెండుసార్లు సేవ్ చేసేలోపే ఆగిపోయి గీసిందంతా గాలికి పోయింది, ఏమప్పా రామాంజులూ, నీ పెట్టె బతికే ఉండాదా పోయిందా, ఈ తూరి చూపీకపోతే హిందూపురమోళ్ళతో గీపిచ్చుకుంటా, అని దాసప్ప నలుగురిలో అనేశాడు, వాళ్ళ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

చేయని వైద్యం లేదు, కరెంటు ఎగుడుదిగుడేమోనని స్టెబిలైజరు కొన్నాడు, వైరసేమోనని మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాడు, లోపలి మెమరీ ముక్కను ఊడబీకి పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాడు, చివరికి సంకలో బిడ్డలాగా పట్టుకుని బస్సెక్కి అనంతపురంలో రిపేర్లు చేసే ఓబిలేష్ దగ్గరికి తీసుకుపోయాడు, బెంగళూరులో ఎవరో ఆరేళ్ళు వాడి పారేసింది కొంటివే అన్నా, అని ఓబిలేష్ నవ్వి, విప్పి, ఫ్యాన్లోంచి వేలెడంత పట్టు నూగు లాగి చూపించాడు, ధర్మవరం అంతా దీంట్లోనే ఉండాది కదన్నా, అన్నాడు, రెండు రోజులు తన దగ్గరే పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమా పాటలు ఆడించాడట, ఒక్కసారి కూడా ఆగలేదట, మిషన్లో ఏమీ లేదన్నా, ఏముండాదో నీ ఇంట్లోనే ఉండాది, అన్నాడు, వాడు ఎగతాళికే అన్నాడు, కానీ రామాంజులుకు ఆ మాట ముల్లులా దిగింది, ఇంట్లో, అవును ఇంట్లోనే, ఆ ఆలోచనలో పడి, తెర మూలన వేడి అంకె చూపించే చిన్న ప్రోగ్రాం వేసినా చూడన్నా, నూరు దగ్గరికి పోతే అదే ఆగిపోతాది, అని వాడు చెప్పిన మాటను సగం చెవితోనే విన్నాడు.

ఇంట్లో ఎవరున్నారు, భార్య సునంద, తను, నాయన, అంతే కదా, నలభై ఏళ్ళు గ్రాఫు కాగితం మీద గడి గడికీ పెన్సిలు చుక్క పెట్టి అంచులు గీసిన నాయన, శ్రీరంగప్ప అంటే ఒకప్పుడు గడప ముందు చెప్పుల గుట్ట ఉండేది, ఈ పెట్టె వచ్చాక ఆయన్ను అడిగే మనిషి లేడు, పోగు పట్టుకోని చూడని పెట్టె అంచేమేస్తాదిరా, అన్నాడు కొన్న రోజే, అంత మాట అన్నవాడు ఊరికే ఉంటాడా, మొన్న ఆ వైరు దగ్గర కాలు ఎందుకు జరిపాడు, కాలు తిమ్మిరెక్కిందట, అన్నీ ఈ గదిలోనే తిమ్మిరెక్కుతాయి కాబోలు, సునందతో అంటే మొహం మీదే కడిగేసింది, ఆయప్పకు అది యాడ నొక్కితే వెలుగుతాదో కూడా తెలీదు, సొంత నాయన మీద అనుమానమా, సిగ్గుండల్ల, అంది, అదీ చూడాలి, ఈమె ఎప్పుడూ ఆయన పక్షమే.

చెప్పుల చప్పుడు, వచ్చాడు, వచ్చేశాడు, రామాంజులు చెయ్యి దానంతటదే భుజం మీది తువ్వాలు లాగి తెర సగం వాల్చి దాని మీద కప్పేసింది, దుమ్ము పడకుండా, సునందకు అలాగే చెప్పాడు, పట్టు నూగు పడుతుంది అని, ఆ నూగు నాయన వచ్చినప్పుడే పడుతుందా అని సునంద అడగలేదు కాబట్టి సరిపోయింది, అడిగితే ఏం చెప్పేవాడు, తువ్వాలు కింద అంచులో ఉన్న అన్నపక్షుల బొమ్మలు నాయనవే అని చెప్పేవాడా, ఉగాది ముందు నాయన కళ్యాణదుర్గం పెళ్ళికి పోయినప్పుడు ఆయన ట్రంకు పెట్టె తెరిచి, అడుగున పసుపు పచ్చబడిన గ్రాఫు తీసుకుని గడి గడికీ దించి, నేనే గీసినా అని దాసప్పకు చెప్పానని చెప్పేవాడా, ఛీ, ఇప్పుడా సంగతి ఎందుకు, నాయన కూర్చున్నాడు, ఏం చేస్తాండావురా, ఏం లేదు నాయనా, ఎండ మండిపోతాంది, అవును నాయనా, ఆయన చూపు తువ్వాలు మీద ఉందా, కొడుకు మీద ఉందా, తెలియడం లేదు, తువ్వాలు కింద ఫ్యాను మాత్రం రొద పెంచుతోంది, ఇదిగో మొదలైంది, ఆయన చేతులు చూడాలి, చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, కాళ్ళు చూడాలి, కాళ్ళు గడప అవతలే ఉన్నాయి, మరి ఎలా, రామాంజులు తువ్వాలు అంచు కొంచెం ఎత్తి లోపలికి తొంగి చూశాడు, ఇందాక అరవై ఎనిమిది ఉన్న వేడి అంకె తొంభై మూడు, ఎత్తి పట్టుకుంటే తొంభై ఒకటి, వదిలితే తొంభై నాలుగు, మళ్ళీ ఎత్తాడు, తగ్గింది, మళ్ళీ వదిలాడు, తొంభై ఆరు, నూరు దగ్గరికి పోతే అదే ఆగిపోతాది, ఓబిలేష్ చెప్పింది ఇదే, ఓరి దేవుడా, పొద్దున్నుంచి గీసింది సేవ్ చేయలేదు, సేవ్ చేయాలంటే తెర ఎత్తాలి, తెర ఎత్తితే నాయన చూస్తాడు, తొంభై ఏడు, దాసప్ప నాలుక్కు వస్తాడు, తొంభై ఎనిమిది, ఏమైతే అదవుతుందని తువ్వాలు లాగి నేల మీద పారేసి, తెర ఎత్తి సేవ్ కొట్టాడు.

నాయన లేచి వచ్చాడు, తిడతాడు, కాదు కాదు, ఏడుస్తాడేమో, అది ఇంకా కష్టం, నాయన కళ్ళద్దాలు సర్దుకుని తెరను తాకకుండా వేలు దగ్గరికి పెట్టి, ఈ పక్షి ముక్కు కాడ రెండు గళ్ళు తప్పురా, అన్నాడు, అది నేనే తప్పేసినా, నువ్వు పుట్టిన పొద్దు, మీయమ్మకు నొప్పులొస్తాంటే తొందర్లో గీసినా, నువ్వు తప్పుతో సహా ఎత్తుకొంటివే, నేసినాక ముక్కు వంకర పోతాది, ట్రంకులో గ్రాఫు లేకపోతేనే నాకు తెలిసిపాయ, ఉగాది అయిన కాడ్నుంచి చెప్దామనే దినామూ వస్తాండా, వచ్చినప్పుడల్లా నువ్వు గుడ్డ కప్పేస్తివి, నువ్వే చెప్తావులే అని కూచ్చుని పోతాంటి, అన్నాడు, రామాంజులు రెండు గళ్ళు చెరిపి రెండు గళ్ళు నింపాడు, ముక్కు నేరుగా నిలబడింది, మూలన అంకె ఎనభై, డెబ్బై ఐదు, అరవై తొమ్మిది, ఆగలేదు, నాయన పక్కనే నిలబడి ఉన్నా ఆగలేదు, మంచం మీద నోటు పుస్తకం తెరిచే ఉంది, పదిసార్లు నాయన వచ్చినాడు అని రాసి ఉంది, నేను తువ్వాలు కప్పినాను అని ఒక్కసారి కూడా రాసి లేదు, దాన్ని పదిసార్లు ఆపింది తన చెయ్యే, ఇన్నాళ్ళూ ఇంట్లో దొంగ కోసం వెతికాడు, ఈ ఇంట్లో దొంగ తను ఒక్కడే, నాయనా, నాలుక్కు దాసప్ప వస్తాడు, ఇది ఎవరు గీసినారో ఈ తూరి నిజం చెప్తా, నువ్వు ఈడే కూచ్చో.