ముల్లు చూపిన అంకె

ఆగండి, ఒక్క క్షణం ఇక్కడ నిలబడి వినండి. ఆ మోత డైనమోది. ఏలూరు కాలవగట్టు మీది పవర్‌హౌసులో మదార్ సాహెబు మధ్యాహ్నం డ్యూటీ ఎక్కి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి లోలోపల లెక్కపెట్టుకుంటున్నాడు. పది దాకా ఆ వేడికి చెయ్యి ఆగితే మిషను బాగున్నట్టు. ఇవాళ ఏడుకే తీసేశాడు.

యాభై రెండేళ్ల మనిషి, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. వయసులో ఉన్నప్పుడు భుజాన నిచ్చెన వేసుకుని వీధిదీపాల్లో కిరసనాయిలు పోసేవాడు. కరెంటొచ్చి ఆ పని పోతే, కరెంటు కంపెనీవాళ్లే పిలిచి ఇక్కడ నిలబెట్టారు. అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం ముత్యాల్లా రాస్తాడు. అరగంటకోసారి మీటరు చూసి, ఎన్ని ఆంపియర్ల కరెంటు పోతోందో పుస్తకంలో వెయ్యడం అతని పని. డైనమో రెండు వందల దాకా మోస్తుంది. దాటితే స్విచ్చి లాగెయ్యాలి.

ఆ కొలత ఎలా వస్తుందో చెప్పాలి, భలే ఉంటుంది. ఊరి కరెంటంతా షంటు అనే ఒక లావుపాటి లోహపు పట్టీలోంచి పోతుంది. పోతూ పోతూ దాని రెండు కొసల మధ్య చిటికెడు వోల్టేజీ పుట్టిస్తుంది. రెండు తీగలు ఆ చిటికెడునీ మీటరుకి అందిస్తే, అది ముల్లు తిప్పి ఊరంత కరెంటునీ చూపిస్తుంది. అయితే ఆ తీగల పొడవూ లావూ కూడా కొలతలో భాగమే. అందుకే మీటరుతో పాటే కొలిచి పంపుతారు, వాటిని మార్చకూడదు.

రెండు నెలల కిందట మేనేజరు నిత్యానందం గారు, కూర్చున్న చోటినుంచే కనబడాలని మీటరుని తన అద్దాల గదిలోకి మార్పించారు. తీగలు చాల్లేదు. గుమ్మానికి గంట పెట్టగా మిగిలిన సన్నతీగ అతికించారు. ఆ చిటికెడులో కొంత అది దారిలోనే మింగేస్తోంది. మదార్‌కి ఆ శాస్త్రం తెలీదు గానీ, బియ్యం మిల్లు మొదలైతే ముల్లు అరవై ఎగరాలని తెలుసు. ఇప్పుడు యాభయ్యే ఎగురుతోంది.

పోయిన నెల ముల్లు నూట డెబ్భై మీదుంటే, యాభైకి అరవై చొప్పున కట్టి రెండు వందల నాలుగు అని రాసి స్విచ్చి లాగాడు. నిత్యానందం గారు ఎర్రసిరాతో కొట్టేసి నూట డెబ్భై అని తిరిగి రాయించారు. సీమ నుంచి ఓడెక్కి వచ్చిన మీటరు కన్నా నీ అరచెయ్యి గొప్పదా అని నవ్వారు. ఇంకోసారి ఊరు చీకటి చేస్తే ఉద్యోగం ఉండదని కూడా నవ్వుతూనే చెప్పారు.

మిషనుకి నూనె పోసే పోలయ్యది కొల్లేటి ఊరు. మదార్ బాధ వింటూ అన్నాడు.

"మా బావ పడవ గెడకి అడుగున ఇంకో ముక్క అతికించాడండి, సాహెబు గారూ. దాని మీద పాత గీత చూసి నీళ్లు మోకాల్లోతేనన్నాడు. దిగితే మెడకొచ్చిందండి."

"మీ బావ ఆ గెడ పారేసుంటాడు. నేనేం పారెయ్యను, పోలయ్యా?"

కొల్లేటి చేపలు రైలెక్కించడానికి స్టేషను దగ్గర పెట్టిన ఐసు ఫ్యాక్టరీకి ఆ సాయంత్రమే కరెంటిచ్చారు. దీపాల వేళకి ముల్లు నూట తొంభై అయిదుకి పాకింది. మదార్ ఈసారి డైనమో మీద మూడు కూడా లెక్కపెట్టలేకపోయాడు. అద్దాల గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కసారి మీటరు పాత చోట పెట్టి, పాత తీగలతోనే చూడండి బాబూ. పది నిమిషాల పనండి."

"ముల్లు ఎంత మీదుంది, మదారూ?"

"నూట తొంభై అయిదండి."

"రెండు వందలు దాటిందా?"

"లేదండి."

"మరి?"

మదార్ ఎర్రగా కమిలిన అరచెయ్యి చూపించబోయి, దించుకున్నాడు. వెళ్లి నూట తొంభై అయిదు అని రాశాడు.

పావుగంటలో లక్క కాలిన వాసన, వెనకే పొగ. మదార్ పరిగెత్తి స్విచ్చి లాగాడు గానీ అప్పటికే డైనమో లోపలి రాగితీగ చుట్టలు మాడిపోయాయి. ఊరంతా ఒక్కసారి ఆరిపోయింది. నిత్యానందం గారు లాంతరు తెప్పించి పుస్తకం తిరగేశారు. పేజీ తర్వాత పేజీ చక్కటి అంకెలు, అన్నీ రెండు వందల లోపే.

"లోడు ఎక్కువైందంటే నీ రాతే ఒప్పుకోదు. మిషను సరిగ్గా చూసుకోలేదనే పైవాళ్లంటారు. ఇవి నువ్వు రాసినవే కదా?"

మదార్ లాంతరు వెలుగులోకి వంగి అంకెలు చూశాడు.

"నేనేనండి."

రేపటి నుంచి రావద్దన్నారు, నెమ్మదిగానే. మదార్ కంపెనీ చొక్కా విప్పి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. పోలయ్యకి వెళ్లొస్తానని చెప్పి, బనీనుతోనే కాలవగట్టు మీద నడిచిపోయాడు.

పన్నెండో రోజున చుట్టలు మార్చిన డైనమో తిరిగింది. మీటరు అద్దాల గదిలోనే ఉంది, అతుకు తీగా అలాగే ఉంది. దీపాల వేళ. కొత్తమనిషి ఇంకా రాలేదు. మదార్ వదిలి వెళ్లిన పుస్తకం తెరిచే ఉంది. అతని నూట తొంభై అయిదు కింద గడి ఖాళీ. ముల్లు మళ్లీ అక్కడికే పాకింది. మీరే మదార్ చోట ఉంటే, ఆ గడిలో ఏ అంకె వేస్తారు?