గల్లీలో చప్పుడు లేదు

మా శ్రీపతికి తల్లి పోసిందని ముందు గుర్తుపట్టింది నేను కాదు, పక్కింటి పోశవ్వ. వాడి ఒళ్ళు కాలిపోతుంటే ఎండదెబ్బ అనుకుని నేను తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాను. ఆమె గడపలో నిలబడి వాడి నుదుటి మీద లేచిన పొక్కులు చూసి, చేతులు జోడించింది.

"పంతులమ్మా, నీ ఇంట్లకు తల్లి వచ్చింది. ఇగ గట్టిగ మాట్లాడకు, కోపం చెయ్యకు" అంది.

కోపం చెయ్యకుండా ఉండడం నా వల్ల అయ్యే పని కాదని గల్లీ అంతటికీ తెలుసు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి చెప్పి నా గొంతు పెద్దదైంది. పాలల్లో నీళ్ళకీ, కుళాయి దగ్గర వంతుకీ, పోశవ్వ ఎండుమిరపకాయల పోపు పొగకీ, అన్నిటికీ నా నోరు లేవాల్సిందే. ఆ పూట మాత్రం లేవలేదు.

మాది నాంపల్లి స్టేషను వెనక గల్లీ. మా ఆయన ఆబిడ్స్‌లో గడియారాల దుకాణంలో గుమాస్తాగా చేసేవారు. అంతకుముందు వానాకాలం టైఫాయిడ్ వచ్చి పోయారు. ఆయన మంచంలో ఉన్నప్పుడు పోశవ్వ మొగుడు బిచ్చయ్య మంచుగడ్డలు గోనెలో చుట్టి, నెత్తిన పెట్టుకుని, కరిగేలోపల పరుగున తెచ్చేవాడు. అతను స్టేషన్లో హమాలీ. అవి యుద్ధం రోజులు, మంచుగడ్డ ఎక్కడ సంపాదించేవాడో నాకు తెలియదు. శ్రీపతికి అన్నం పెట్టి, తన మనవరాలు పూలమ్మ పక్కన పడుకోబెట్టుకునేది పోశవ్వ. ఆయన పోయాక నాకు మిగిలింది ఈ ఒక్క పిల్లాడు. వీణ్ణి కూడా తీసుకుపోతే నేనేం చేయాలి? అది తప్ప నా బుర్రలో ఇంకే ఆలోచనా లేదు.

ఆబిడ్స్ నుంచి డాక్టరు వచ్చి గుమ్మం దాటకుండానే చూశాడు. "మశూచి. దీనికి మందు లేదమ్మా. చల్లగా ఉంచండి. కళ్ళు జాగ్రత్త. ఇంట్లోకి ఎవరినీ రానివ్వకండి" అని వెళ్ళిపోయాడు. చాదర్‌ఘాట్ నుంచి మా అన్న విద్యాసాగర్ కూడా వచ్చాడు గానీ, గల్లీ మొదట్లోనే ఆగి, బత్తాయిల సంచి ఎవరి చేతికో ఇచ్చి, "వసుమతిని ధైర్యంగా ఉండమను" అని చెప్పి పంపాడు. తన దగ్గరే లేని ధైర్యం నాకెట్లా పంపుతాడో నాకు అర్థం కాలేదు.

నేను తలుపుకు గొళ్ళెం పెట్టుకున్నాను. పోశవ్వ ఒక్కతే వచ్చేది. చిన్నప్పుడు తల్లి పోసి ఆమె ముఖమంతా మచ్చలే. "నన్ను ఒక్కపారి ముట్టింది, మల్ల ముట్టది" అనేది. వేపమండలు తెచ్చి నా గుమ్మానికి కట్టింది. గల్లీలో మిగిలిన గుమ్మాలకూ కట్టారు. పొద్దున్నే నీళ్ళ బిందె నా గడప దగ్గర ఉండేది. పూలమ్మ కిటికీ కిందికి వచ్చి "శ్రీపతీ, ఆడుకుందం రా" అని అరిచేది, వాళ్ళ అమ్మమ్మ కసిరి లాక్కుపోయేది.

పొక్కులు పెరిగి వాడి ముఖం మీద ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కనురెప్పలు ఉబ్బి మూతపడ్డాయి. సరిగ్గా అప్పుడే పోశవ్వ రావడం మానేసింది. బిందె వస్తూనే ఉంది, ఎవరు పెట్టి పోతున్నారో కనిపించేది కాదు. పూలమ్మ కేక లేదు. కుళాయి దగ్గర పోట్లాట లేదు. సాయంత్రమైతే ఏ ఇంట్లోంచీ ఆవాలు చిటపటమన్న చప్పుడు రాలేదు. రోజూ తిట్టుకునే ఆ మిరపకాయల ఘాటు కోసం నేను కిటికీ దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చాను. ఏమీ లేదు. తల్లి ఉన్న ఇంట్లో పోపు పెట్టకూడదన్నది మా పుట్టింట్లోనూ ఉన్న ఆచారమే, నా పొయ్యి మీద నేనూ పెట్టడం లేదు. మరి మిగిలిన ఇళ్ళకేమైంది?

నాకు గౌలిగూడ గుర్తొచ్చింది. నా చిన్నతనంలో అక్కడ ప్లేగు తగిలితే ఒక్క పూటలో మా వాడంతా తాళాలు వేసుకుని ఊరి బయట గుడిసెల్లోకి పోయింది. ఎదురింట్లో జ్వరంతో పడి ఉన్న ముసలావిడను ఎవరూ తీసుకురాలేదు. మా బండి కదిలేటప్పుడు ఆమె లోపల్నుంచి పిలిచింది. మా అమ్మ నా చెవులు మూసింది. ఇప్పుడు ఆ లోపల ఉండిపోయిన మనిషిని నేనే.

మర్నాడు తెల్లవారుతుండగా అడుగుల చప్పుడు వినిపించింది. ఒకరిద్దరివి కావు, చాలామందివి. మాట మాత్రం ఒక్కటీ లేదు. కిటికీ రెక్క సందులోంచి చూశాను. గల్లీ గల్లీ అంతా నడిచి పోతోంది. అందరికంటే ముందు బిచ్చయ్య, రెండు చేతుల మీద ఒక దుప్పటి మూట పట్టుకుని. ఎంత చిన్న మూటనైనా నెత్తికెత్తుకునే మనిషి దీన్ని చేతుల మీద ఎందుకు మోస్తున్నాడా అనిపించింది. పగిలే సామానేదో ఉండి ఉంటుందనుకున్నాను. అతని వెనక గట్టయ్య, బాలమల్లు, ఇంకా మగవాళ్ళు, ఆడవాళ్ళు. చివర పోశవ్వ. మా గుమ్మం ముందుకు రాగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, తల తిప్పుకుని గబగబా దాటిపోయింది.

మా ఇంటి గాలి సోకుతుందని నోరు మూసుకుందనుకున్నాను.

పిలుద్దామని నోరు తెరిచాను. ఇన్నేళ్ళు అందరి మీదా లేచిన నోరు అవసరం వచ్చేసరికి పడిపోయింది. అడుగులు దూరమయ్యాయి. స్టేషన్లో ఇంజను కూత పెట్టింది. తర్వాత గల్లీలో చప్పుడు లేదు.

"అమ్మా, ఇంకా చీకటేనా?" అన్నాడు శ్రీపతి.

అప్పటికి కిటికీలోంచి ఎండ వాడి మంచం మీద పడుతోంది. "ఇంక తెల్లారలే నాన్నా, పడుకో" అన్నాను.

కాసేపటికి నీళ్ళడిగాడు. ఇంట్లో బిందె వంచితే అడుగున గుక్కెడు వచ్చాయి. గడప దగ్గర ఆ రోజు బిందె లేదు. వీణ్ణి వదిలి స్టేషను కుళాయి దాకా పోతే తిరిగొచ్చేసరికి ఏమవుతుందో, పోకపోతే ఏమవుతుందో. ఖాళీ బిందె చంకన పెట్టుకుని గడపకీ మంచానికీ మధ్య తిరుగుతూ ఉన్నాను. ఊపిరి ఆడుతోందా లేదా అని వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి పెట్టి చూశాను. దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా భయం వేసింది. ఇంట్లో ఉన్నది ఎవరో తెలుసు, ఆమెకు కోపం వస్తే?

ఎండ బాగా ఎక్కాక ఎవరో తలుపు తట్టారు. తీస్తే పోశవ్వ. తలలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి, చీర ఆరలేదు. చంకన బిందె, చేతిలో జావ గిన్నె.

"మీరు పోలేదా?" అన్నాను.

"యాడికి పోతం?"

"పొద్దున అందరు పోతుంటే చూసిన. గల్లీ ఖాళీ చేసిన్రనుకున్న."

ఆమె బిందె దించి, దాని మూతి పట్టుకుని కొంచెంసేపు అట్లాగే వంగి ఉండిపోయింది. "జర పని పడ్డది. పోయి వచ్చినం" అంది.

"మరి ఎవ్వరింట్ల పోపు వాసన లేదేంది?"

"నీ కొడుకు గిట్ల పండుకొని ఉంటే గల్లీల పోపు పెడ్తమా? ఆ ఘాటు తల్లికి పడది. మా దిక్కు ఒక్క ఇంట్ల తల్లి ఉంటే వాడంత సప్పిడి తింటది. సమ్మక్క మొగడు సుత తింటున్నడు, మొకం మాడ్సుకొని."

ఎదురింటి సమ్మక్క మొగుడు కారం లేకపోతే కంచం తోసేసే మనిషి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా పుట్టింటి ఆచారం ఇంటి గోడ దాటదు. వీళ్ళది గల్లీ చివరిదాకా పోతుందని నాకెవరు చెప్పారు? గడప మీదే కూలబడ్డాను.

"అందరు నన్ను వదిలేసిన్రనుకున్న పోశవ్వా."

"ఫికర్ చెయ్యకు. లే. పిలగానికి నీళ్ళు తాపు" అంది.

ఆ రోజు నుంచి ఆమె వాడి మంచం పక్కనుంచి కదల్లేదు. వేపమండతో విసిరేది. కాచి చల్లార్చిన నీళ్ళలో గుడ్డ ముంచి కళ్ళు తుడిచేది. ఒక మధ్యాహ్నం జ్వరం మరీ ఎక్కి వాడు ఏదేదో మాట్లాడుతూ, "నాన్నా, వస్తున్న" అన్నాడు. అవతలి వైపు నుంచి ఎవరో గుంజుతున్నట్టు వాడి చేయి పట్టుకుని నా వైపు లాగాను. పోశవ్వ నా వేళ్ళు విడిపించింది. "గుంజకు, పొక్కులు చిదుగుతయి" అని, వాడి చెవి దగ్గర వంగి, "యాడికి పోవద్దు కొడకా. పోయినోళ్ళు సాలు" అంది. మా ఆయన గురించే అంటోందనుకున్నాను.

సాయంత్రానికి జ్వరం దిగింది. నేను నమ్మలేదు, మాటిమాటికీ వాడి పొట్ట మీద చేయి వేసి చూశాను. పొక్కులు మాడి పెచ్చులు కట్టాయి. కళ్ళు మాత్రం తెరుచుకోలేదు. ప్రాణం నిలిచింది, చూపు పోతుందేమోనని ఇప్పుడు కొత్త భయం. ఒక పొద్దున రెప్పలు కొంచెం విడివడ్డాయి. నేను వాడి మీదికి వంగి చూస్తున్నాను. వాడు పైకి చూసి, "అమ్మా, దూలం మీద బల్లి" అన్నాడు. ఆ బల్లికి కూడా దండం పెట్టాను.

నీళ్ళు పోసే రోజు గల్లీలో ఆడవాళ్ళంతా వచ్చారు. పసుపూ వేపాకూ వేసిన నీళ్ళను ఎండలో కాగబెట్టి వాడి తల మీద పోశారు. ఎవరూ పెద్దగా నవ్వలేదు, తల్లి వెళ్ళే రోజు కనుక భక్తి అనుకున్నాను. వాడు తడి తలతో చుట్టూ చూసి, "పూలమ్మ రాలేదేంది?" అన్నాడు.

సమ్మక్క చెంబు పట్టుకుని నేల చూపులు చూసింది. పోశవ్వ వాడి తల తుడుస్తూ, "ఊరికి పోయింది బిడ్డా" అంది. ఆ గొంతు విన్నాక నాకు మళ్ళీ భయం పట్టుకుంది. కొడుకు దక్కాడు కదా, ఇంకా దేనికే భయం అని నన్ను నేనే కసురుకున్నాను. పోలేదు.

అందరూ వెళ్ళాక పెరుగన్నం గిన్నెలో పెట్టుకుని పోశవ్వ ఇంటికి వెళ్ళాను. వాళ్ళది ఒకటే గది. బిచ్చయ్య స్టేషనుకు పోయాడు. ఆమె వెలిగించని పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"పూలమ్మ ఏ ఊరికి పోయింది?" అన్నాను.

ఆమె పొయ్యిలో చల్లారిన బూడిదను పుల్లతో కదిపింది.

"పోశవ్వా, ఆ పొద్దు బిచ్చయ్య చేతుల మీద ఉన్నది ఏంది?"

"నువ్వు చూసినవా" అంది మెల్లగా. పుల్ల కింద పడేసి, "దానికి సుత తల్లి పోసింది. నిలువలే. జల్దిన తీస్కపోయింది. గా పొద్దుగాల పోయి మట్టిల పెట్టి వచ్చినం" అంది.

గిన్నె కింద పెట్టేశాను. మా కిటికీ కింద నిలబడి పిలిచిన పిల్ల. మావాడి నుంచే అంటిందేమో. ఆ మాట మనసులో దాచుకోలేక పైకే అన్నాను.

"ఎవ్వలింట్లకు ముందు వచ్చిందో ఎవ్వలికెరుక పంతులమ్మా. గట్ల సోంచాయించి మనసు పాడు చేసుకోకు."

"నాకెందుకు చెప్పలే? డప్పు లేదు, ఏడుపు లేదు. మధ్యల ఒక్క గోడ. నాకు తెల్వనే లేదు."

"డప్పు వద్దన్నడు మా ముసలాయన. గా చప్పుడుకు నీ పిలగాడు దడుసుకుంటడు, నువ్వు ఇంక దడుసుకుంటవు. ఏడుపు ఇనపడొద్దని గల్లీల అందరం నోరు కట్టుకున్నం. నీ గుమ్మం కాడికి వచ్చినంక నాతోని కాలే, కొంగు కుక్కుకున్న." ఆమె నా ముఖంలోకి చూసింది. "మైలతోని నీ ఇంట్లకు వచ్చిన. తానం చేసే వచ్చిన గాని, మైల మైలనే. మనసుల పెట్టుకోకు."

మనవరాలిని మట్టిలో పెట్టి, తల తడి ఆరకముందే నా కొడుక్కి జావ తెచ్చిన మనిషి నన్ను మన్నించమంటోంది. బడిలో కృతజ్ఞత అనే మాట నల్లబల్ల మీద రాసి పిల్లలకు అర్థం చెప్పేదాన్ని. ఆమె ముందు ఆ మాట నోటికి తేవడానికి సిగ్గేసింది. పక్కన కూర్చుని ఆమె చేయి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"వాడికి నీళ్ళు పోసినం పోశవ్వా. తల్లి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏడువు" అన్నాను.

ఆమె మా ఇంటి వైపు గోడ చూసింది. "పిలగాడు పండుకున్నడేమో" అంది.

"మేలుకొనే ఉన్నడు. విననీ."

ఆమె గోడ మీంచి చూపు తిప్పుకుంది. తర్వాత పూలమ్మను పేరు పెట్టి పిలిచింది. మొదటిసారి గొంతు సరిగా రాలేదు. రెండోసారి పిలిచినప్పుడు సమ్మక్క పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుంది. వెనకే మిగిలిన ఆడవాళ్ళు వచ్చారు. ఆ చిన్న గదిలో చోటు చాలక కొందరు వాకిట్లోనే కూర్చుని ఏడ్చారు.

గోడ అవతల నుంచి శ్రీపతి, "అమ్మా, ఎందుకు ఏడుస్తున్నరు?" అని కేక వేశాడు.

వాడికి చెప్పడానికి నేను లేచాను.